డాలరు కొరత ఒక దేశాన్ని ఎలా ముంచుతుంది? కరెన్సీ సంక్షోభాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

డాలరు రేటు పెరిగినట్టు టీవీలో స్క్రోలింగ్ వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు మళ్లీ వస్తుంటాయి. రూపాయి కూలిపోతోందా, మనకూ శ్రీలంక గతి పడుతుందా, పిల్లాడి ఫీజు సంగతేంటి, ఉన్న డబ్బంతా బంగారంలోకి మార్చేయాలా? వీటికి జవాబులు చాలావరకు నాలుగు అనుభవాల్లోనే దొరుకుతాయి. 1991లో మన దేశం, 1997లో థాయ్‌లాండ్ నుంచి మొదలై ఆసియాను కుదిపేసిన సంక్షోభం, 2013 వేసవి, 2022 శ్రీలంక. ఎక్కువగా థాయ్‌లాండ్ గురించే చెప్పాను. వర్ధమాన దేశాలు చేసే పొరపాట్లు దాదాపు అన్నీ ఒకేచోట కనిపించేది అక్కడే.

రూపాయి విలువ పడితే అది సంక్షోభమేనా?

కాదు. 2010లో డాలరుకు సుమారు 45 రూపాయలుండేవి, 2020 నాటికి 74 దాకా వచ్చాయి. పదేళ్లలో అంత పడినా పెట్రోలు బంకులు మూతపడలేదు, మందుల షాపులు ఖాళీ కాలేదు. మన దగ్గర ధరలు అమెరికాలో కంటే వేగంగా పెరుగుతుంటే మారకపు రేటు కొంత దిగడం సహజం.

దేశం కట్టాల్సిన బిల్లులకు డాలర్లు దొరక్కపోతే అప్పుడు అది సంక్షోభం. చమురు ఓడ రేవులో ఉంటుంది, డబ్బు కడితేగానీ దించరు. విదేశీ అప్పు వాయిదా శుక్రవారం కట్టాలి, ఖజానాలో డాలర్లు లేవు. రేటు ఏ అంకె దగ్గర ఉందన్నది దాని ముందు చిన్న విషయం. అది ఎంత వేగంగా కదిలింది, ఆ కదలిక వల్ల ఎవరి అప్పు ఎంత బరువెక్కింది అన్నవే ముఖ్యం.

నోట్లు ముద్రించుకునే ప్రెస్ మన చేతిలోనే ఉందిగా?

ఉంది, కానీ అందులో వచ్చేది రూపాయిలే. మనకు కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే కొంటాం. అమ్మేవాళ్లు ఎక్కువగా డాలర్లే అడుగుతారు. ఆ డాలర్లు ఎగుమతులు, సాఫ్ట్‌వేర్ సేవలు, విదేశాల్లో ఉన్నవాళ్లు పంపే డబ్బు, పెట్టుబడులు, అప్పుల ద్వారా రావాల్సిందే. వీటిలో మొదటి మూడూ సంపాదన. పెట్టుబడులూ అప్పులూ మాత్రం ఏదో ఒకరోజు వెనక్కి వెళ్లే హక్కు ఉన్న డబ్బు.

1991లో బంగారం ఎందుకు తాకట్టు పెట్టాం?

1980లలో ప్రభుత్వం రాబడికి మించి ఖర్చు చేసింది, విదేశాల్లో స్వల్పకాలిక అప్పులు పెంచుకుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి వెళ్లాయి. చమురు ధర ఒక్కసారిగా ఎగిసింది. కువైట్‌లో ఉన్న మనవాళ్లు లక్షన్నర మందికి పైగా ఉన్నపళాన తిరిగొచ్చేశారు, వాళ్లు పంపే డబ్బు ఆగింది. రేటింగ్ సంస్థలు మన రేటింగ్ తగ్గించాయి. దాంతో బయటి బ్యాంకులు పాత అప్పులను కొనసాగించడం మానేశాయి. ఎన్నారైలు కూడా డిపాజిట్లు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు.

1991 వేసవికి విదేశీ మారక నిల్వలు 120 కోట్ల డాలర్ల లోపుకు జారిపోయాయి. రెండు మూడు వారాల దిగుమతులకు చాలినంత, అంతే. దిగుమతులను ఆపడానికి రిజర్వ్ బ్యాంకు కఠినమైన నిబంధన పెట్టింది. సరుకు తెప్పించుకోవాలంటే దాని విలువకు రెట్టింపు నగదు ముందుగా బ్యాంకులో కట్టాలి. అంటే లక్ష రూపాయల విడిభాగం కోసం రెండు లక్షలు. చిన్న ఫ్యాక్టరీవాళ్లు అంత ఎక్కడ తెస్తారు? ఫ్యాక్టరీల్లో మిషన్లు ఆగిపోవడానికి అదొక పెద్ద కారణం.

మేలో చంద్రశేఖర్ ప్రభుత్వం, స్మగ్లర్ల దగ్గర పట్టుబడిన బంగారంలో 20 టన్నులను స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండ్ బ్యాంకుకు పంపి 20 కోట్ల డాలర్లు తెచ్చింది. జూన్ 21న పీవీ నరసింహారావు ప్రధాని అయ్యారు. జులైలో రిజర్వ్ బ్యాంకు తన ఖజానా నుంచి దాదాపు 47 టన్నులు విమానాల్లో పంపి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టి మరో 40 కోట్ల డాలర్లు సమకూర్చింది. అదే నెల 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. డాలరు 21 రూపాయల నుంచి 26 దగ్గరికి చేరింది. మొదటి విడతకు వచ్చిన విమర్శలు చూసి పీవీ రెండోది ఆపించాలనుకున్నారు. ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ ఫోన్ చేసేసరికే రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నర్ సి. రంగరాజన్ ఆ పని పూర్తి చేసేశారు. ఆ రంగరాజనే తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా వచ్చారు.

బంగారం పంపడం దేశానికి అవమానమని అప్పట్లో ఇంటింటా బాధపడ్డారు. నా దృష్టిలో మాత్రం అది బాధ్యతగా చేసిన పని. ఒక్క వాయిదా తప్పినా తర్వాత దశాబ్దంపాటు మనకు అప్పిచ్చేవాడు రెట్టింపు వడ్డీ అడిగేవాడు. తాకట్టు పెట్టిన బంగారాన్ని అదే ఏడాది విడిపించుకున్నాం. 2009లో అయితే, కష్టాల్లో ఉన్న దేశాలకు అప్పిచ్చే అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) దగ్గరే 200 టన్నుల బంగారం కొన్నాం.

1997లో థాయ్‌లాండ్‌కు ఏమైంది? బాగా ఎదుగుతున్న దేశమే కదా?

బాగా ఎదుగుతున్న దేశమే, అందుకే అందరూ కళ్లు మూసుకుని అప్పిచ్చారు. 1984 నుంచి థాయ్ కేంద్ర బ్యాంకు తమ బాత్‌ను డాలరుకు 25 దగ్గర నిలబెట్టింది. పదేళ్లకు పైగా రేటు కదలకపోయేసరికి వ్యాపారులకు అది ప్రకృతి నియమంలా అనిపించింది. 1993లో బ్యాంకాక్ ఇంటర్నేషనల్ బ్యాంకింగ్ ఫెసిలిటీ పేరుతో బయటి నుంచి సులువుగా డాలరు అప్పులు తెచ్చుకునే దారి తెరిచారు. బాత్ అప్పుకంటే డాలరు అప్పుకు వడ్డీ తక్కువ, రేటు ఎటూ కదలదు. ఇక ఆగేదెవరు? ఫైనాన్స్ కంపెనీలు డాలర్లు తెచ్చి బాత్‌లోకి మార్చి రియల్ ఎస్టేట్‌కు, షేర్లకు, కార్లకు అప్పులిచ్చాయి. చాలా అప్పులు ఏడాదిలోపు తీర్చాల్సినవి. కట్టిన టవర్ల మీద రాబడి మొదలవడానికే నాలుగైదేళ్లు పడుతుంది. నెలనెలా కట్టాల్సిన వడ్డీ డబ్బుతో కొబ్బరి తోట వేసినట్టన్నమాట.

1995, 1996ల్లో కరెంట్ ఖాతా లోటు, అంటే బయటి నుంచి వచ్చే సంపాదనకంటే బయటికి పోయే ఖర్చు ఎంత ఎక్కువో ఆ తేడా, జీడీపీలో 8 శాతం దాకా వెళ్లింది. 1996లో ఎగుమతులు చతికిలబడ్డాయి. బ్యాంకాక్‌లో అమ్ముడుపోని అపార్ట్‌మెంట్లు పేరుకుపోయాయి. 1997 ఫిబ్రవరిలో సోంప్రసోంగ్ ల్యాండ్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీ విదేశీ అప్పు వాయిదా కట్టలేకపోయింది. మే నెలలో బాత్ మీద అమ్మకాల ఒత్తిడి తారస్థాయికి చేరింది. జూన్ 30న ప్రధాని చవలిత్ యోంగ్‌చయుధ్ బాత్ విలువ తగ్గించేది లేదని జనానికి భరోసా ఇచ్చారు. రెండు రోజులకే, జులై 2న, బాత్‌ను మార్కెట్‌కు వదిలేశారు. మరుసటి జనవరికి డాలరు 55 బాత్‌లు దాటింది.

వేల కోట్ల డాలర్ల నిల్వలున్నా ఎందుకు నిలబెట్టలేకపోయారు?

నిల్వలు పైకి కనిపించినంత లేవు కాబట్టి. ఇది కొంచెం వివరంగా చూడాలి.

బాత్‌ను అమ్మి డాలర్లు అడిగేవాళ్లకు కేంద్ర బ్యాంకు తన నిల్వల్లోంచి డాలర్లిస్తే, ఆ నెల లెక్కల్లో నిల్వలు తగ్గినట్టు అందరికీ తెలుస్తుంది, భయం పెరుగుతుంది. దీన్ని తప్పించడానికి ఫార్వర్డ్, స్వాప్ ఒప్పందాలు వాడారు. ఈరోజు ఇచ్చిన డాలర్లను మార్కెట్ నుంచి తాత్కాలికంగా వెనక్కి తెచ్చుకుంటారు, ఫలానా తేదీకి తిరిగిస్తామని సంతకం చేస్తారు. పుస్తకాల్లో డాలర్లు అలాగే కనిపిస్తాయి. నిజానికి వాటికి వేరే యజమాని ఉన్నాడు, తేదీ కూడా ఖరారైంది.

1997 జూన్ చివర్లో థాయ్‌లాండ్ ప్రకటించిన నిల్వలు 3,200 కోట్ల డాలర్ల పైచిలుకు. అలా ముందుగా ఇస్తామని మాటిచ్చిన మొత్తం 2,300 కోట్లకు పైనే. రెండో అంకె ఆగస్టులో ఐఎంఎఫ్ దగ్గరికి వెళ్లినప్పుడుగానీ బయటికి రాలేదు. అది తెలిసినరోజు బాత్ మరింత పడింది. లోటు ఉన్నందుకంటే, దాచినందుకు జనం ఎక్కువ బెదిరిపోయారని నా అభిప్రాయం.

కరెన్సీ పడితే కంపెనీలు ఎందుకు దివాలా తీస్తాయి?

బ్యాంకాక్‌లో ఒక బిల్డర్ కోటి డాలర్లు అప్పు తెచ్చాడనుకోండి. ఆ రోజు లెక్కలో అది 25 కోట్ల బాత్. అతనికి వచ్చే అద్దెలు, అమ్మకాలు అన్నీ బాత్‌లోనే. డాలరు 50కి చేరగానే, కొత్తగా పైసా అప్పు చేయకపోయినా బాకీ 50 కోట్ల బాత్ అయింది. అతని భవనం విలువ మాత్రం పెరగలేదు, పైగా పడిపోయింది. అతనికి అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ మునిగింది, దానికి అప్పిచ్చిన బ్యాంకు చిక్కుల్లో పడింది. థాయ్‌లాండ్ 58 ఫైనాన్స్ కంపెనీలను నిలిపివేస్తే, డిసెంబరులో వాటిలో 56 శాశ్వతంగా మూతపడ్డాయి.

ఆ బిల్డర్ ముందే హెడ్జింగ్ చేసుకోవచ్చు కదా, అంటే రేటు మారినా నష్టపోకుండా ముందే ఒప్పందం చేసుకోవచ్చు కదా అని అడగొచ్చు. చేసుకోవచ్చు, దానికి కొంత ఖర్చవుతుంది. రేటు కదలనివ్వమని ప్రభుత్వమే చెబుతుంటే ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? కదలదన్న హామీయే అందరినీ రక్షణ లేకుండా చేసింది. రోజూ కొద్దికొద్దిగా ఊగే కరెన్సీ ఉన్న దేశంలో వ్యాపారి మొదటి నుంచే జాగ్రత్త పడతాడు.

థాయ్‌లాండ్ మంట ఇండోనేషియాకు, కొరియాకు ఎలా పాకింది?

అప్పిచ్చిన బ్యాంకులు, ఫండ్లు చాలావరకు అవే. ఒకచోట దెబ్బ తగలగానే, ఆ పోలికలే ఉన్న మిగతా దేశాల నుంచి కూడా డబ్బు వెనక్కి లాగాయి.

ఇండోనేషియా అందరికంటే ఎక్కువ నష్టపోయింది. డాలరుకు 2,400 చిల్లర ఉన్న రూపయ్య 1998 జూన్ నాటికి 16,000 దాకా జారింది. ఐఎంఎఫ్ షరతుల మేరకు 1997 నవంబరు 1న 16 బ్యాంకులు మూసేశారు. డిపాజిటర్ల డబ్బుకు పూర్తి గ్యారంటీ ఇవ్వకుండా మూసేయడంతో జనం మంచి బ్యాంకుల ముందు కూడా బారులు తీరారు. 1998లో ఆ ఆర్థిక వ్యవస్థ 13 శాతం కుంచించుకుపోయింది. బియ్యం, నూనె ధరలు ఆకాశాన్నంటాయి. మేలో జకార్తాలో అల్లర్లు జరిగాయి, చైనా సంతతివాళ్ల దుకాణాలు తగలబెట్టారు, వెయ్యిమందికి పైగా చనిపోయారు. ముప్పై ఏళ్లకు పైగా ఏలిన సుహార్తో మే 21న దిగిపోయారు. కరెన్సీ సంక్షోభం అనగానే మనం చార్టులు చూస్తాం. దాని అసలు రూపం ఆ వీధుల్లో కనబడింది.

కొరియా సంగతి వేరు. అక్కడ ఫ్యాక్టరీలు, ఎగుమతులు గట్టివి. బ్యాంకుల స్వల్పకాలిక డాలరు అప్పులే గొంతు పట్టుకున్నాయి. 1998 జనవరిలో మొదలైన బంగారం సేకరణలో దాదాపు 35 లక్షల మంది పెళ్లి ఉంగరాలు, పిల్లల మొదటి పుట్టినరోజు ఉంగరాలు, పతకాలు తెచ్చిచ్చారు. 227 టన్నులు పోగయింది. దాని విలువ 200 కోట్ల డాలర్ల పైచిలుకే, ఐఎంఎఫ్ నాయకత్వంలో ప్రకటించిన ప్యాకేజీ 5,500 కోట్ల డాలర్లకు పైగా. లెక్కలో చిన్నదే, అయినా ఆ దేశం తన అప్పు తీర్చి తీరుతుందని ప్రపంచానికి చూపించింది. ఐఎంఎఫ్ బాకీని కొరియా గడువుకు ముందే 2001 ఆగస్టులో తీర్చేసింది.

ఇదంతా స్పెక్యులేటర్ల కుట్ర కాదా?

మలేషియా ప్రధాని మహతీర్ మొహమ్మద్ అప్పట్లో, కరెన్సీల మీద పందేలు కాసే ఫండ్ నడిపే జార్జ్ సోరోస్‌నే వేలెత్తి చూపారు. ఫండ్లు బాత్ మీద పందెం కాశాయన్నది నిజం. కానీ ఆ మే, జూన్ నెలల్లో డాలర్ల కోసం పరిగెత్తినవాళ్లలో థాయ్ కంపెనీలు కూడా ఉన్నాయి. తమ బాకీ రెట్టింపు కాకముందే కట్టేసుకోవాలని వాళ్ల తాపత్రయం. పందెగాళ్లు సంక్షోభం తేదీని ముందుకు జరపగలరు. స్వల్పకాలిక డాలరు అప్పు కొండలా లేనిచోట వాళ్లకు పని దొరకదు.

ఐఎంఎఫ్ మందు మేలు చేసిందా, కీడు చేసిందా?

డాలర్లు ఇవ్వడం మేలు. బడ్జెట్‌లో లోటే లేని దేశాలను కూడా ఖర్చులు కోసుకోమనడం, ఇండోనేషియాలో బ్యాంకులు మూయించిన తీరు, ఇవి తప్పులే. 2003లో ఐఎంఎఫ్ సొంత మూల్యాంకన విభాగం కూడా ఈ లోపాలను ఎత్తిచూపింది. మలేషియా ఐఎంఎఫ్ దగ్గరికి వెళ్లలేదు. 1998 సెప్టెంబరులో పెట్టుబడులు బయటికి పోకుండా ఆంక్షలు పెట్టి, రింగిట్‌ను డాలరుకు 3.80 దగ్గర కట్టేసి, 2005 దాకా అలాగే ఉంచింది. ఘోరం జరుగుతుందని చాలామంది హెచ్చరించారు, జరగలేదు. అయితే అప్పటికే భయం చాలావరకు తగ్గిందన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

1997లో మన దేశం ఎలా తప్పించుకుంది?

మన తలుపులు సగమే తెరిచి ఉన్నాయి. కంపెనీలు ఇష్టమొచ్చినట్టు స్వల్పకాలిక డాలరు అప్పులు తెచ్చుకునే వీల్లేదు. 1993 నుంచి రూపాయి రేటు మార్కెట్‌లోనే తేలుతోంది కాబట్టి కదలదన్న భ్రమ కూడా లేదు. మూలధన ఖాతాను, అంటే పెట్టుబడులూ అప్పులూ దేశంలోకి, బయటికి కదిలే దారిని, దశలవారీగా పూర్తిగా తెరవాలని సిఫారసు చేస్తూ రిజర్వ్ బ్యాంకు వేసిన తారాపోర్ కమిటీ నివేదిక ఇచ్చిన కొద్ది వారాలకే బాత్ కూలింది. ఆ నివేదిక అలమారాలోకి వెళ్లింది.

అదే ఏడాది ఆగస్టులో కడప జిల్లాకు చెందిన వై. వేణుగోపాల్ రెడ్డి, అప్పుడు రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నర్, గోవాలో విదేశీ మారక డీలర్ల సమావేశంలో రూపాయి విలువ ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉందని బాహాటంగా చెప్పారు. రూపాయి పడింది, విమర్శలు వచ్చాయి. చవలిత్ భరోసాతో దీన్ని పోల్చి చూడండి. ఒక అధికారి మార్కెట్‌కు నచ్చని నిజం ముందే చెబితే రేటు కొంచెం దిగి సర్దుకుంది. అబద్ధం నిలబెట్టాలని చూసినచోట దేశమే దిగింది.

రూపాయిని ఒక రేటు దగ్గర కట్టేస్తే టెన్షన్ ఉండదు కదా?

స్థిరమైన రేటు, పెట్టుబడులకు స్వేచ్ఛ, వడ్డీ రేట్లపై సొంత నిర్ణయం, ఈ మూడూ ఒకేసారి ఎవరికీ దక్కవు. రెండు ఎంచుకుంటే మూడోది వదులుకోవాలి. అర్జెంటీనా 1991లో ఒక పెసో ఒక డాలరు అని చట్టమే చేసింది. కొన్నేళ్లు ధరలు అదుపులోకి వచ్చాయి. 1999లో పక్కనున్న బ్రెజిల్ తన కరెన్సీ విలువ తగ్గించాక అర్జెంటీనా సరుకు ఖరీదైపోయింది. 2001 డిసెంబరులో బ్యాంకుల నుంచి జనం సొంత డబ్బు తీసుకోవడానికే పరిమితి పెట్టారు. మరుసటి నెల ఆ చట్టం పోయింది.

మరి సౌదీ రియాల్, దుబాయ్ దిర్హమ్ దశాబ్దాలుగా కదలకుండా ఎలా ఉన్నాయి?

వాళ్లు అమ్మే చమురుకు డాలర్లే వస్తాయి, జనాభాతో పోలిస్తే నిల్వలు, విదేశీ ఆస్తులు భారీగా ఉంటాయి. వడ్డీ రేట్లను అమెరికాను బట్టే మార్చుకుంటారు. డాలరుకు రియాల్ 3.75, దిర్హమ్ 3.6725. కాబట్టి రూపాయి డాలరు ముందు పడిందంటే రియాల్ ముందు కూడా అంతే పడుతుంది. జగిత్యాల నుంచో కోనసీమ నుంచో వెళ్లి అక్కడ పనిచేస్తున్నవాళ్లు పంపే జీతానికి ఇక్కడ కొంచెం ఎక్కువ రూపాయిలు వస్తాయి.

2013లో మనల్ని ‘ఫ్రాజైల్ ఫైవ్’ (పెళుసైన ఐదు దేశాలు)లో ఒకటని ఎందుకన్నారు?

2012-13లో మన కరెంట్ ఖాతా లోటు జీడీపీలో 4.8 శాతానికి చేరింది, అందులో బంగారం దిగుమతుల వాటా పెద్దది. అమెరికా చౌక డబ్బు సరఫరా తగ్గించవచ్చని 2013 మే 22న అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడ్ ఛైర్మన్ బెన్ బెర్నాంకీ సూచనగా అనగానే ప్రపంచమంతా డబ్బు అమెరికా వైపు తిరిగింది. మే నెలలో 55 దగ్గరున్న డాలరు ఆగస్టు 28న 68 రూపాయలు దాటింది. లోటు ఎక్కువున్న బ్రెజిల్, ఇండోనేషియా, దక్షిణాఫ్రికా, టర్కీలతో కలిపి మనల్ని ఒక బ్రోకరేజ్ నివేదిక ఆ పేరుతో పిలిచింది.

అప్పుడు రిజర్వ్ బ్యాంకు గవర్నర్ మన దువ్వూరి సుబ్బారావు. వడ్డీ బిగించారు, చమురు కంపెనీలకు మార్కెట్‌తో పనిలేకుండా నేరుగా డాలర్లిచ్చే ఏర్పాటు చేశారు. కేంద్రం బంగారంపై సుంకం 10 శాతానికి పెంచింది. సెప్టెంబరు 4న వచ్చిన రఘురామ్ రాజన్, ఎన్నారై డాలరు డిపాజిట్లు తెచ్చే బ్యాంకులకు రాయితీ రేటులో స్వాప్ ఇస్తామన్నారు. దానితోపాటు బ్యాంకులు బయట తెచ్చిన అప్పులూ కలిపి 3,400 కోట్ల డాలర్లు వచ్చాయి. పేరంతా రాజన్‌కు వెళ్లింది గానీ, మార్కెట్ తిట్లు తిన్న ఆ రెండు నెలల కష్టం సుబ్బారావుది. ఆ మాట చెప్పుకోవాలి.

శ్రీలంకలో 2022లో జరిగింది మనకూ జరుగుతుందా?

ఇప్పుడున్న పరిస్థితిలో ఆ పోలిక సరిపోదు. ఎందుకో చూడాలంటే అక్కడ ఏం జరిగిందో తెలియాలి. 2019 ఏప్రిల్ బాంబు పేలుళ్లతో టూరిజం దెబ్బతింది. ఆ ఏడాది చివర్లో కొత్త ప్రభుత్వం పన్నులు భారీగా తగ్గించింది. కోవిడ్‌తో టూరిజం పూర్తిగా ఆగింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి నిషేధించడంతో వరి, తేయాకు దిగుబడి పడిపోయింది. ఇన్ని జరిగినా తమ రూపాయిని డాలరుకు 200 దగ్గరే బలవంతంగా పట్టి ఉంచారు. బయటి మార్కెట్‌లో ఎక్కువ రేటు వస్తుంటే గల్ఫ్‌లో పనిచేసే శ్రీలంకవాళ్లు బ్యాంకు ద్వారా ఎందుకు పంపుతారు? ఉండియల్, అంటే మన హవాలా లాంటి దారి పట్టారు. ఖజానాకు రావాల్సిన డాలర్లు అలా జారిపోయాయి.

2021 చివరికి నిల్వలు 310 కోట్ల డాలర్లని చూపించారు. అందులో దాదాపు సగం చైనాతో చేసుకున్న స్వాప్, షరతుల వల్ల వాడుకోవడానికి వీల్లేనిది. థాయ్‌లాండ్ కథే మళ్లీ. ఆ స్థితిలో కూడా 2022 జనవరిలో 50 కోట్ల డాలర్ల బాండు బాకీ కట్టేశారు. మార్చిలో పేపరు లేక కొన్ని స్కూలు పరీక్షలు వాయిదా వేశారు. వంటగ్యాస్ క్యూలు, రోజుకు 13 గంటల కరెంటు కోతలు. మార్చి 7న రూపాయిని వదిలేస్తే రెండు నెలల్లో 360 దాటింది. ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు ఆపేస్తున్నట్టు ప్రకటించారు. సెప్టెంబరులో కొలంబో ద్రవ్యోల్బణం 70 శాతం దగ్గరికి చేరింది. ఆ ఏడాది ఇంధనం, ఆహారం, మందుల కోసం మన దేశం ఇచ్చిన సాయం దాదాపు 400 కోట్ల డాలర్లు.

మన కేంద్ర ప్రభుత్వ అప్పులో అత్యధిక భాగం రూపాయిల్లో, దేశంలోనివారి దగ్గరే ఉంది. మన నిల్వలు 2024 సెప్టెంబరులో 70,000 కోట్ల డాలర్లు దాటాయి. తేడా అక్కడుంది. అది మనకు దక్కిన వరం కాదు, 1991 తర్వాత వచ్చిన ప్రతి ప్రభుత్వమూ ప్రతి గవర్నరూ ఆ భయం గుర్తుంచుకోవడం వల్ల వచ్చింది.

రూపాయి పడితే ఎగుమతిదారులకు లాభమేగా?

కొంతే. భీమవరం రొయ్య అమెరికా వెళితే డాలర్లు వస్తాయి. కానీ హేచరీల తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడాల నుంచి డాలర్లకే వస్తాయి, డీజిల్ ధర కూడా పెరుగుతుంది. పైగా కొనే కంపెనీ రేటు తగ్గించమంటుంది. చెరువు గట్టున ఉన్న రైతు దాకా ఆ లాభం పూర్తిగా చేరదు.

మా అమ్మాయి అమెరికాలో ఎంఎస్ చేస్తోంది. రూపాయి పడుతుంటే మేం ఏం చేయాలి?

ఏడాదికి 40,000 డాలర్ల ఖర్చు అనుకుంటే, డాలరు 75 ఉన్నప్పుడు 30 లక్షలు, 85 అయితే 34 లక్షలు. కాబట్టి లోను మంజూరు చేయించుకునేటప్పుడే రెండో ఏడాదికి పది శాతం అదనంగా లెక్కేసుకోండి. రెండు మూడు నెలల్లో కట్టాల్సిన ఫీజు ఉంటే రేటు తగ్గుతుందేమోనని ఎదురుచూడకండి, విడతలుగా పంపేయండి. అమ్మాయికి అక్కడ ఉద్యోగం వచ్చాక లెక్క తిరగబడుతుంది. జీతం డాలర్లలో, ఇక్కడి లోను రూపాయిల్లో, పడిన రూపాయి అప్పుడు మీకు సాయం చేస్తుంది. కానీ ఆ ఉద్యోగాన్ని నమ్ముకుని ఇల్లు తాకట్టు పెట్టి డాలర్లలో అప్పు తీసుకోవద్దు. బ్యాంకాక్ బిల్డర్ చేసింది అదే.

నిల్వలు ఎంత ఉంటే ధైర్యంగా ఉండొచ్చు?

పాత కొలత, మూడు నెలల దిగుమతులకు సరిపడా. ఆసియా సంక్షోభం తర్వాత, ఏడాదిలోపు కట్టాల్సిన విదేశీ అప్పు మొత్తానికి సరిపడా ఉండాలన్నారు. అర్జెంటీనాకు చెందిన పాబ్లో గిడోట్టి, అమెరికా ఫెడ్ అప్పటి ఛైర్మన్ గ్రీన్‌స్పాన్ పేర్ల మీద ఆ సూత్రం నిలిచింది. నాకు రెండోదే సరైనదనిపిస్తుంది.

ప్రమాదం వస్తోందని మామూలు పాఠకుడు ఎలా పసిగట్టాలి? ఏ అంకెలు చూడాలి?

రోజువారీ డాలరు రేటు చూడటం తగ్గించండి. ప్రతి శుక్రవారం సాయంత్రం రిజర్వ్ బ్యాంకు ఆ ముందు వారం నిల్వల లెక్క వెబ్‌సైట్‌లో పెడుతుంది, మర్నాడు పేపర్లలోనూ వస్తుంది. మూడు నెలలకోసారి కరెంట్ ఖాతా లోటు వస్తుంది. అది జీడీపీలో 3 శాతం దాటి ఏడాదిపాటు అక్కడే ఉంటే గమనించాల్సిందే. విదేశీ అప్పుల నివేదికలో, ఏడాదిలోపు తీర్చాల్సినది ఎంతుందో చూసి నిల్వలతో పోల్చండి.

ఇంకొకటి ఉంది, దాన్ని టీవీలో పెద్దగా మాట్లాడరు. ముందుముందు ఇస్తామని రిజర్వ్ బ్యాంకు ఒప్పుకున్న డాలర్ల లెక్క, నెలవారీ బులెటిన్‌లో ఉంటుంది. 2025 ఫిబ్రవరి చివరికి అది 8,800 కోట్ల డాలర్ల పైమాటే. అప్పటి నిల్వలు 63,000 కోట్లకు పైగా ఉన్నాయి కాబట్టి భయపడాల్సిన నిష్పత్తి కాదు. థాయ్‌లాండ్ వాడిన పనిముట్టే ఇది, మన దగ్గర మాత్రం ప్రతి నెలా బయటపెడతారు. ఎప్పుడైనా ఆ పట్టిక ఆలస్యమైనా, అందులో ఒక వరుస మాయమైనా, రూపాయి ఆ రోజు ఎంత బలంగా కనిపించినా సరే, గట్టిగా అడగాల్సింది దాని గురించే.